రాకడకు ముహూర్తం పెట్టినవారు - నమ్మి నష్టపోయినవారు

క్రైస్తవులున్న పల్లెల్లో 'ఎత్తబడుట' అనే మాట తరచు వినిపిస్తుంది. ఆదివారం ఆరాధనలోనూ, రాత్రిపూట మైకు పెట్టి జరిపే సువార్త కూటాలలోనూ ప్రసంగీకులు దీనిని ప్రస్తావిస్తూ ఉంటారు. యేసుక్రీస్తు తిరిగి వచ్చే వేళ ఆయనను నమ్మినవారు భూమి మీది నుంచి మేఘాలలోకి ఎత్తబడి, ఆయనను కలుసుకొంటారని ఆ విశ్వాసం. చనిపోయిన అయినవారిని మళ్లీ చూస్తామన్న ఆశ కూడా ఇందులోనే ఇమిడి ఉంది.

అయితే ఈ విశ్వాసం ఉన్నవారిలోనే ఒక విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఎత్తబడుట ఎప్పుడు? లోకం మీదికి రానున్నవని చెప్పే మహా శ్రమలకు ముందా, నడుమనా, తరువాతనా? ఈ ప్రశ్న మీద సంఘాలలో భేదాలు వచ్చాయి. మిత్రులు విడిపోయారు. గ్రంథ విచారణగా ఉన్నంత కాలం దానివల్ల ఎవరి కొంపా మునగలేదు. 'ఎప్పుడు' అన్నదానికి ఏడాది, నెల, తేదీ పెట్టి ప్రచారం చేసినప్పుడే చిక్కు వచ్చింది. అమెరికాలోనూ, కొరియాలోనూ అటువంటి తేదీలను నమ్మి పంట వదిలేసినవారు, ఇల్లు అమ్ముకొన్నవారు, ఉద్యోగం మానుకొన్నవారు ఉన్నారు. తేదీలన్నీ వచ్చాయి, పోయాయి. అమ్ముకొన్న ఆస్తి మాత్రం తిరిగి రాలేదు.

పౌలు లేఖలో ఉన్నదేమిటి?

ఈ నమ్మకానికి ప్రధాన ఆధారం బైబిలు కొత్త నిబంధనలోని ఒక చిన్న ఉత్తరం. క్రీస్తుశకం 50 ప్రాంతంలో అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక పట్టణంలోని విశ్వాసులకు రాసిన మొదటి లేఖ అది. ఆ పట్టణం ఇప్పటి గ్రీసు దేశంలో ఉంది. ప్రభువు త్వరలో వస్తాడని ఎదురుచూస్తూ ఉండగానే అక్కడి సంఘంలో కొందరు చనిపోయారు. వారి గతి ఏమిటని మిగిలినవారికి బెంగ పట్టుకొంది. వారికి ధైర్యం చెబుతూ పౌలు ఆ లేఖ నాలుగో అధ్యాయం చివర కొన్ని మాటలు రాశాడు. ప్రభువు బూరధ్వనితో పరలోకం నుంచి దిగివస్తాడని, ముందు మృతులైన విశ్వాసులు లేస్తారని, ఆపైన బ్రతికి ఉన్నవారు వారితో కలిసి మేఘాలలోకి కొనిపోబడతారని వాటి సారాంశం.

తెలుగు బైబిలులో ఉన్న మాట 'కొనిపోబడుట'. సంఘాల వాడుకలో అది 'ఎత్తబడుట' అయింది. ఇంగ్లీషువారు దీనిని 'రాప్చర్' అంటారు. ఆ మాట లాటిను అనువాదంలోని క్రియాపదం నుంచి పుట్టింది.

పౌలు రాసింది దుఃఖంలో ఉన్నవారికి ఓదార్పు. అందులో సంవత్సరం లేదు, నెల లేదు. పైగా ఆ వెంటనే వచ్చే అయిదో అధ్యాయంలో ఆ దినాన్ని రాత్రివేళ చెప్పకుండా వచ్చే దొంగతో పోల్చాడు.

ఏడేళ్ల లెక్క ఎలా వచ్చింది?

మరి ముందా వెనుకా అన్న తగాదా ఎక్కడ మొదలైంది? దానికి వేరే గ్రంథాలు చూడాలి. పాత నిబంధనలోని దానియేలు గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో డెబ్బది వారముల ప్రస్తావన ఉంది. ఇక్కడ వారమంటే ఏడు రోజులు కాదు, ఏడు సంవత్సరాలు అని చాలామంది వ్యాఖ్యాతలు అర్థం చెబుతారు. వాటిలో అరవై తొమ్మిది వారాలు క్రీస్తు నాటికే ముగిశాయనీ, చివరి వారం ఒక్కటి ఇంకా మిగిలి ఉందనీ కొందరి వాదన. ఆ మిగిలిన ఏడు సంవత్సరాలే శ్రమల కాలమని వారు అంటారు.

కొత్త నిబంధన చివరనున్న ప్రకటన గ్రంథంలో 42 నెలలు, 1,260 దినాలు అనే లెక్కలు ఉన్నాయి. నెలకు 30 రోజుల చొప్పున చూస్తే 42 నెలలకు సరిగా 1,260 రోజులు వస్తాయి. అంటే మూడున్నర ఏళ్లు. ఏడేళ్లలో సరిగ్గా సగం. ఈ రెండు గ్రంథాలనూ కలిపి చదివి, క్రీస్తు విరోధి ఏలుబడి, యుద్ధాలు, కరవులు, తెగుళ్లు అన్నీ ఆ ఏడేళ్లలో జరుగుతాయని, చివర క్రీస్తు వచ్చి వెయ్యేండ్ల పరిపాలన స్థాపిస్తాడని ఒక వరుస ఏర్పరచారు.

ఆ ఏడేళ్లలో విశ్వాసులు ఎక్కడ ఉంటారన్నదే అసలు తగాదా. శ్రమలు మొదలు కాకముందే విశ్వాసులు ఎత్తబడతారని, లోకం ఆ కష్టాలు పడుతుండగా వారు పరలోకంలో ఉంటారని ఒక పక్షం చెబుతుంది. దేవుని ఉగ్రతకు ఆయన పిల్లలు గురి కారన్నది వీరి ప్రధాన వాదం. ఏడేళ్లలో సగం గడిచాక, మూడున్నర ఏళ్ల నాడు ఎత్తబడతారని రెండో పక్షం అంటుంది. విశ్వాసులు కూడా శ్రమల గుండానే పోవాలని, అవి ముగిశాక క్రీస్తు ప్రత్యక్షంగా వచ్చినప్పుడే ఎత్తబడతారని మూడో పక్షం. మత్తయి సువార్త ఇరవై నాలుగో అధ్యాయంలో ఏర్పరచుకొన్నవారిని పోగుచేయడం శ్రమల తరువాతనే వస్తుందని వీరు చూపుతారు.

ఈ మూడింటిలోనూ చేరనివారు కూడా చాలామంది ఉన్నారు. రోమన్ కథోలికులు, లూథరన్లు, ఆంగ్లికన్ సంప్రదాయం వారు క్రీస్తు మరల వస్తాడని, సజీవులకూ మృతులకూ తీర్పు తీరుస్తాడని తమ విశ్వాస ప్రమాణంలో ఒప్పుకొంటారు. ఏడేళ్ల ముందుగా రహస్యంగా జరిగే వేరొక ఘట్టాన్ని ఆ సంఘాలు బోధించవు. కాబట్టి క్రైస్తవులంతా ఒకే విధంగా నమ్ముతారనుకోవడం పొరపాటు.

ఎదుర్కోలు వంటిదేనా?

మొదటి, మూడో పక్షాల మధ్య ఒక్క మాట మీద పెద్ద చర్చ నడుస్తున్నది. విశ్వాసులు మేఘాలలోకి పోవడం ప్రభువును 'ఎదుర్కొనడానికి' అని పౌలు రాశాడు. గ్రీకులో అక్కడ వాడిన మాటకు, ఊరికి వస్తున్న గొప్పవారికి ఊరివారు ముందుగా వెళ్లి స్వాగతం చెప్పడం అనే అర్థం కూడా ఉంది.

ఇది తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. పెళ్లివారు ఊరికి వచ్చినప్పుడు ఆడపెళ్లివారు మేళతాళాలతో ఎదురువెళ్లి మగపెళ్లివారిని తోడ్కొని వస్తారు. దాన్నే ఎదుర్కోలు అంటారు. ఎదురువెళ్లినవారు అటునుంచి అటే వెళ్లిపోరు. పెళ్లికొడుకును వెంటబెట్టుకొని ఊళ్లోకే వస్తారు. పౌలు మాటకు అర్థం కూడా ఇదేనని మూడో పక్షం వారు అంటారు. విశ్వాసులు పైకి వెళ్లి, ప్రభువుతో కలిసి వెంటనే భూమికి వస్తారనీ, నడుమ ఏడేళ్ల ఎడం లేదనీ వారి వాదం. పది మంది కన్యకల ఉపమానంలో కూడా పెండ్లికుమారునికి ఎదురువెళ్లడానికి గ్రీకులో అదే మాట ఉన్నదని వారు గుర్తుచేస్తారు.

మొదటి పక్షం దీనిని ఒప్పుకోదు. వెంటనే తిరిగి వస్తారని ఆ లేఖలో ఎక్కడా లేదంటుంది. శిష్యుల కోసం తండ్రి ఇంట స్థలం సిద్ధపరచి, వచ్చి తీసుకుపోతానని యేసు చెప్పినట్లు యోహాను సువార్తలో ఉన్నది కదా అని ప్రశ్నిస్తుంది. రెండు వైపులా చదువుకొన్నవారూ, భక్తిపరులూ ఉన్నారు. తగాదా నేటికీ తేలలేదు.

డార్బీ బోధ

శ్రమలకు ముందే ఎత్తబడుట అనే బోధ విస్తారంగా వ్యాపించడానికి ముఖ్య కారకుడు జాన్ నెల్సన్ డార్బీ. ఆయన 1800లో లండన్‌లో పుట్టాడు. ఐర్లండులో కొండ ప్రాంతపు పేద పారిష్‌లో గురువుగా పనిచేశాడు. 1827లో గుర్రం మీద నుంచి పడి గాయపడ్డాడు. కదలలేక ఉన్న ఆ రోజుల్లో బైబిలును మళ్లీ చదవగా తన ఆలోచనలు మారాయని తరువాత చెప్పుకొన్నాడు. 1831 నుంచి ఐర్లండులోని పవర్స్‌కోర్ట్ అనే చోట ప్రవచనాల మీద జరిగిన సభలలో ఈ బోధకు రూపం వచ్చింది. ఆయన అనుచరులను ప్లిమత్ సహోదరులు లేక బ్రదరెన్ అని పిలిచారు.

సహోదరులలోనే అందరూ డార్బీని అంగీకరించలేదు. ప్లిమత్‌లో బెంజమిన్ విల్స్ న్యూటన్, బ్రిస్టల్‌లో అనాథ శరణాలయాలు నడిపిన జార్జి ముల్లర్ ఈ విషయంలో డార్బీతో ఏకీభవించలేదు. శ్రమల తరువాతనే రాకడ అని వారు నమ్మారు.

తరువాత డార్బీ అమెరికాకు పలుమార్లు వెళ్లాడు. 1909లో స్కోఫీల్డ్ అనే అమెరికన్ తయారుచేసిన బైబిలు వెలువడింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం దాన్ని అచ్చు వేసింది. అందులో మూల వాక్యం కిందనే ఈ వరుసను వివరించే వ్యాఖ్యలు ఉన్నాయి. వాక్యం ఎక్కడ ముగుస్తుందో, వ్యాఖ్య ఎక్కడ మొదలవుతుందో తేడా చూసుకోనివారికి రెండూ ఒకటే అయిపోయాయి. 1970లో హాల్ లిండ్సే రాసిన పుస్తకం, 1995 నుంచి వచ్చిన 'లెఫ్ట్ బిహైండ్' నవలలు ఈ బోధను కోట్లాది పాఠకులకు చేర్చాయి.

గోదావరి తీరానికి

ఈ కథకు గోదావరి జిల్లాలతో కూడా సంబంధం ఉంది. సహోదరుల తొలి నాయకులలో ఒకడైన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ఇంగ్లండులో దంతవైద్యుడు. మంచి రాబడి ఉన్న ఆ వృత్తిని వదులుకొని 1829లో బాగ్దాదుకు, ఆ తరువాత 1833లో భారతదేశానికి వచ్చాడు. ఆయన చెల్లెలిని పెళ్లాడినవాడే జార్జి ముల్లర్. గ్రోవ్స్ ప్రోత్సాహంతో 1836లో డెవన్ ప్రాంతానికి చెందిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా ఓడ ఎక్కి వచ్చారు. మొదట మచిలీపట్నంలో, తరువాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో పనిచేశారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది.

వారు ఓడ ఎక్కేనాటికి శ్రమలకు ముందా వెనుకా అన్న చర్చ ఇంగ్లండు సహోదరులలో మొదలై కొద్ది ఏళ్లే అయింది. నేడు తెలుగునాట సహోదర సంఘాలలోనూ, 20వ శతాబ్దంలో వ్యాపించిన పెంతెకొస్తు సంఘాలలోనూ శ్రమలకు ముందే ఎత్తబడుట అన్నదే ఎక్కువగా వినిపించే బోధ. అయితే ఆ బోధలో తేదీ లేదు. ఏ క్షణమైనా రావచ్చు కనుక సిద్ధంగా ఉండమనే డార్బీ కూడా చెప్పాడు. ఏ క్షణమైనా అన్నవాడు ఫలానా రోజున అనలేడు. తేదీలు కట్టిన వ్యవహారం వేరుగా నడిచింది.

మిల్లర్ లెక్క

తేదీ కట్టినవారిలో అందరికంటే పేరుమోసిన విలియం మిల్లర్ ఒక రైతు. న్యూయార్క్ రాష్ట్రంలోని లో హాంప్టన్‌లో సేద్యం చేసుకొనేవాడు. 1812లో మొదలైన యుద్ధంలో సైనికుడిగా పనిచేసి, ఇంటికి వచ్చి, కొన్ని ఏళ్లపాటు బైబిలును వాక్యం వెంట వాక్యంగా చదివాడు. దానియేలు గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ఉన్న 2,300 దినాల మీద ఆయన దృష్టి నిలిచింది. ప్రవచనంలో దినమంటే సంవత్సరం అని ఆయన సూత్రం. క్రీస్తుపూర్వం 457లో పారసీక రాజు యెరూషలేము విషయంలో ఇచ్చిన ఆజ్ఞ నుంచి లెక్క మొదలుపెట్టాడు. 2,300లో 457 పోతే 1843 వచ్చింది.

1831 నుంచి ఆయన ఊరూరా తిరిగి ఈ లెక్క చెప్పాడు. మోసగాడన్న మాట ఆయన మీద నిలవదు. తాను నమ్మినదే చెప్పాడు. 1843 వసంతం నుంచి 1844 వసంతం లోపల ప్రభువు వస్తాడన్నాడు. ఆ గడువు ముగిసింది. అప్పుడు లెక్కలో ఒక లోపం కనిపెట్టారు. క్రీస్తుపూర్వం 1 తరువాత నేరుగా క్రీస్తుశకం 1 వస్తుంది. నడుమ సున్న సంవత్సరం లేదు. కాబట్టి ఒక ఏడు కలపాలన్నారు. 1844 ఆగస్టులో శామ్యూల్ స్నో అనే అనుచరుడు యూదుల ప్రాయశ్చిత్త దినాన్ని ఆధారం చేసుకొని అక్టోబరు 22 అని కచ్చితమైన తేదీ ప్రకటించాడు. మిల్లర్ మొదట వెనుకాడాడు. అక్టోబరు మొదట్లో ఆయన కూడా ఒప్పుకొన్నాడు.

అది కోతల కాలం. ఆ తేదీని నమ్మిన కొందరు రైతులు పంట తీయలేదు. తీస్తే విశ్వాసం లేనట్లవుతుందనుకొన్నారు. కొందరు దుకాణాలు మూసేశారు. మరికొందరు అప్పులన్నీ తీర్చి, మిగిలినది పంచిపెట్టారు. నమ్మినవారి సంఖ్య యాభై వేలకు తక్కువ ఉండదని చరిత్రకారుల అంచనా. వారు తెల్లని అంగీలు తొడుక్కొని కొండలు, ఇళ్ల కప్పులు ఎక్కారన్న కథ చాలాకాలం ప్రచారంలో ఉంది. దానికి సరైన ఆధారాలు లేవని తరువాత పరిశోధించినవారు తేల్చారు. చాలామంది ఇళ్లలోనూ, ప్రార్థనా స్థలాలలోనూ కూర్చుని తెల్లవార్లూ కనిపెట్టుకొన్నారు.

మర్నాడు మామూలుగానే తెల్లవారింది. ఇరుగుపొరుగు ఎగతాళి చేశారు. ఇంకా పోలేదా అని దారిన పోయేవారు పిలిచి అడిగేవారు. చరిత్రలో ఆ దినానికి 'మహా ఆశాభంగం' అని పేరు వచ్చింది. మిల్లర్ తన లెక్క తప్పిందని ఒప్పుకొన్నాడు. రాకడ మీద ఆశ మాత్రం వదలకుండానే 1849లో చనిపోయాడు. ఆయన అనుచరులలో చెదరిపోక మిగిలిన ఒక వర్గం 1863లో ఏడవ దిన ఆడ్వెంటిస్టు సంఘంగా ఏర్పడింది. ఆ సంఘం రాకడను నేటికీ గట్టిగా బోధిస్తుంది కాని తేదీ చెప్పదు.

ఆనాటి పంటల సంగతిగా ఆడ్వెంటిస్టులు ఒక కథ చెప్పుకొంటారు. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో లెనర్డ్ హేస్టింగ్స్ అనే రైతు బంగాళాదుంపలు తవ్వకుండా పొలంలోనే వదిలేశాడట. ఆ ఏడు ముందుగా తవ్వినవారి దుంపలు తెగులు తగిలి కుళ్లిపోతే, ఆలస్యంగా తవ్విన ఈయన దుంపలు బాగుండి మంచి ధర పలికాయట. అటువంటి అదృష్టం అందరికీ పట్టలేదు.

కొరియాలో 1992

నూట యాభై ఏళ్ల తరువాత దక్షిణ కొరియాలో జరిగినది ఇంకా దారుణం. అక్కడ లీ జాంగ్ రిమ్ అనే ప్రబోధకుడు దామి మిషన్ అనే సంస్థ నడిపాడు. 1999లో లోకం అంతమవుతుందని, శ్రమలకు ముందే ఎత్తబడుట గనుక అందులో ఏడు తీసివేయాలని ఆయన లెక్క. అలా 1992 వచ్చింది. అక్టోబరు 28 అర్ధరాత్రి అని తేదీ, వేళ కూడా పెట్టారు.

వేలాది మంది నమ్మారు. ఉద్యోగాలు మానారు. ఇళ్లు, ఆస్తులు అమ్మి సంస్థకు ఇచ్చారు. పిల్లలను బడి మాన్పించారు. కుటుంబాలు విడిపోయాయి. ఆత్మహత్యలు కూడా జరిగినట్లు అప్పటి పత్రికలు రాశాయి. తేదీకి నెల రోజుల ముందే, సెప్టెంబరులో, లీని పోలీసులు మోసం నేరం కింద అరెస్టు చేశారు. దర్యాప్తులో ఒక సంగతి బయటపడింది. భక్తులిచ్చిన డబ్బులో కొంత ఆయన బాండ్లలో పెట్టాడు. ఆ బాండ్ల గడువు తీరేది 1993 మే నెలలో! లోకులకు 1992 అక్టోబరు దాటదని చెప్పినవాడు తనకు మాత్రం ఆ మరుసటి ఏడాదికి వడ్డీ వచ్చేలా చూసుకొన్నాడు.

అక్టోబరు 28 రాత్రి సియోల్‌లోని ప్రార్థనా మందిరంలో జనం కిక్కిరిశారు. వెలుపల పోలీసులు, అంబులెన్సులు, విలేఖరులు నిలబడ్డారు. పన్నెండు కొట్టింది. ఏమీ జరగలేదు. కొందరు ఏడ్చారు, కొందరు బోధకుల మీద తిరగబడ్డారు, మిగిలినవారు మౌనంగా ఇంటిదారి పట్టారు. ఆ డిసెంబరులో కోర్టు లీకి రెండేళ్ల జైలుశిక్ష విధించింది.

లెక్క మారుతుంది, ఫలితం మారదు

అమెరికాలో 1988లో మరొక తేదీ వచ్చింది. లోగడ అంతరిక్ష సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన ఎడ్గర్ విజెనాంట్ ఆ ఏడాది ఎత్తబడుట జరగడానికి 88 కారణాలు చూపుతూ పుస్తకం వేశాడు. ఇశ్రాయేలు రాజ్యం ఏర్పడింది 1948లో. ఒక తరమంటే 40 ఏళ్లు. రెండూ కలిపితే 1988. యూదుల బూరల పండుగ వచ్చే సెప్టెంబరు 11 నుంచి 13 లోపల అని ఆయన చెప్పాడు. పుస్తకం లక్షల ప్రతులు పోయింది. తేదీ తప్పాక, ఒక ఏడాది తేడా వచ్చిందంటూ 1989కి మరో పుస్తకం తెచ్చాడు. దాన్ని కొన్నవారు తక్కువ.

ఆ తరువాత కాలిఫోర్నియాలో రేడియో ప్రసంగాలు చేసే హెరాల్డ్ కాంపింగ్ వంతు. 1994 సెప్టెంబరు అన్న లెక్క తప్పిన తరువాత 2011 మే 21 అని ప్రకటించాడు. నోవహు జలప్రళయం క్రీస్తుపూర్వం 4990లో వచ్చిందని, దానికి సరిగా 7,000 ఏళ్లు నిండేది 2011లో అని ఆయన వాదం. పలు దేశాలలో వేల సంఖ్యలో హోర్డింగులు నిలబెట్టారు. న్యూయార్క్‌లో రిటైరైన ఒక ఉద్యోగి జీవితమంతా కూడబెట్టిన లక్షా నలభై వేల డాలర్లు ఈ ప్రచార ప్రకటనలకు ఖర్చుపెట్టాడు. మే 21 సాయంత్రం ఆయన నడివీధిలో గడియారం చూసుకొంటూ నిలబడిపోయాడు. కాంపింగ్ తేదీని అక్టోబరు 21కి మార్చాడు. అదీ తప్పింది. 2012 మార్చిలో తాను చేసినది తప్పనీ, పాపమనీ ఒప్పుకొంటూ లేఖ రాశాడు. ఇక తేదీల జోలికి పోనన్నాడు. 2013 డిసెంబరులో 92వ ఏట చనిపోయాడు. ఒప్పుకోవడం ఆయన గొప్పతనమే. డబ్బు పోగొట్టుకొన్నవారికి మాత్రం ఆ లేఖ వల్ల పైసా తిరిగి రాలేదు.

ఇవన్నీ పాత సంగతులని తీసిపారేయడానికి వీల్లేదు. 2025 సెప్టెంబరులో దక్షిణాఫ్రికా ప్రబోధకుడు ఒకరు తనకు దర్శనం వచ్చిందని, 23, 24 తేదీలలో ఎత్తబడుట జరుగుతుందని చెప్పారు. ఆ మాట సెల్‌ఫోన్ వీడియోల ద్వారా రోజుల వ్యవధిలో దేశదేశాలకు పాకింది. మిల్లర్ పదేళ్లకు పైగా ఊరూరా తిరిగి చెప్పవలసి వచ్చిన సంగతి ఇప్పుడు ఒక్క వారంలో పల్లెపల్లెకూ చేరగలదు. ఆ రెండు రోజులూ కూడా మామూలుగానే గడిచాయి. అవి కూడా బూరల పండుగ రోజులే కావడం గమనించదగ్గది. కడబూర అని పౌలు రాసిన మాటను ఆ పండుగకు ముడిపెట్టడం వల్లనే సెప్టెంబరు నెల మళ్లీ మళ్లీ వస్తూ ఉంటుంది.

ఈ లెక్కలన్నిటిలో ఒక పోలిక ఉంది. కూడికలు, తీసివేతలు చాలావరకు సరిగానే ఉంటాయి. చూసినవారు తప్పుపట్టలేక లొంగిపోతారు. తప్పు ఉండేది మొదలుపెట్టిన చోట. దినమంటే ఏడాది అని ఎవరన్నారు? తరమంటే నలభై ఏళ్లేనా? జలప్రళయం ఫలానా ఏటనే వచ్చిందని ఎలా తెలుసు? ఈ ప్రశ్నలు అడిగితే లెక్క అక్కడే ఆగిపోతుంది.

సంఘాల మాట

తేదీ కట్టరాదన్న విషయంలో శ్రమలకు ముందు అనేవారూ, తరువాత అనేవారూ, రెండూ కాదనేవారూ చాలావరకు ఒక్కటే మాట మీద ఉన్నారు. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప మరెవరికీ తెలియవని, దూతలకు కూడా తెలియవని యేసు చెప్పినట్లు మత్తయి సువార్తలోనే ఉంది. కాలాలనూ సమయాలనూ తెలుసుకోవడం శిష్యుల పని కాదని అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం చెబుతుంది. తేదీ చెప్పేవారు దీనికి కూడా జవాబు సిద్ధంగా ఉంచుకొంటారు. దినం, గడియ తెలియవన్నారు గాని నెల, ఏడాది తెలియవనలేదు కదా అని విజెనాంట్ వాదించాడు. ఇటువంటి మెలికలు వినిపించినప్పుడే జాగ్రత్తపడాలి.

రాకడను నమ్మడం వేరు, దాని పేరు మీద పొలం కాగితాలు చేతులు మారడం వేరు. తేదీ చెప్పి ఆస్తి అమ్మమన్నా, చందా అడిగినా, పిల్లల చదువు మాన్పించమన్నా, జబ్బు చేసినవారికి మందులు వద్దన్నా ఊళ్లోని పెద్దలను, సంఘంలోని అనుభవజ్ఞులను అడగకుండా ముందుకు పోరాదు. ఆ తేదీ దాటిన మర్నాటి కోసం చెప్పినవాడు తన ఇల్లు, తన బ్యాంకు ఖాతా ఎలా పెట్టుకొన్నాడో చూడడం కూడా మంచిది. కొరియా భక్తులు ఆ ఒక్క సంగతి ముందుగా అడిగి ఉంటే ఎన్నో కుటుంబాలు నిలిచేవి.

ఎత్తబడుట గురించి మొదటగా విన్న థెస్సలొనీక సంఘంలో కూడా ఈ బాధ తప్పలేదు. ప్రభువు దినం వచ్చేసిందన్న పుకారు అక్కడ లేచింది. అదే సంఘానికి రాసిన రెండో లేఖలో, అటువంటి మాట ఎవరు చెప్పినా, ఉత్తరం చూపినా తొందరపడి కలవరపడవద్దన్న హెచ్చరిక ఉంది. పనిపాటలు మాని ఊరికే తిరుగుతున్నవారిని అదే లేఖ గట్టిగా మందలించింది. ఎవరి కష్టంతో వారు తమ తిండి సంపాదించుకోవాలని చెప్పింది. పౌలు డేరాలు కుట్టే పనివాడు. ప్రభువు రాకడ కోసం అందరికంటే ఆత్రంగా ఎదురుచూసిన ఆయనే ఆ ఊళ్లో రేయింబవళ్లు చేతిపని చేసుకొంటూ బోధించాడు.